పుస్తకం గురించి రాయి పాపా

తిరుపతి

పాపా,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో (రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యం ఈ రష్యా నగరాన్ని చుట్టుముట్టిందే, అప్పుడు) చిన్నతనం గడిపినామె జ్ఞాపకాలు చదివి, ఆ ఊపులోనే కూర్చుని రాశావని తెలుస్తూనే ఉంది. కానీ కళ్లు చెమర్చాయి, గుండె పిండేసింది, రాత్రంతా నిద్ర పట్టలేదు అంటూ నీ సంగతే ఎక్కువైంది. ఆ పిల్ల ఏం తిన్నదో, ఎక్కడ పడుకున్నదో పుస్తకం చదవనివాళ్లకు ఎట్లా తెలియాలి?

రొట్టె దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. 1941 నవంబరు 20 నుంచి డిసెంబరు 25 దాకా పిల్లలకు రోజుకు ఇచ్చింది 125 గ్రాములు. అదీ అచ్చమైన పిండి కాదు, నూనె తీసేసిన పత్తిగింజల చెక్క, సెల్యులోజ్ (కర్ర పీచు) లాంటివి కలిపింది. పత్తి చెక్కంటే మన చిత్తూరు వైపు పాడి ఉన్న ఏ ఇంట్లోనైనా తెలుసు, ఆవుకు కుడితిలో వేస్తారు. అది పిల్లల రొట్టెలోకి వచ్చిందన్న మాటను నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు! అక్కడ ఆగు. ముక్క ఎంత ఉండేది, ఎవరు కోసేవాళ్లు, ఎన్ని పూటలకు దాచుకునేవాళ్లు, పుస్తకంలో ఎంతుంటే అంత చెప్పు. ఏడవాలో వద్దో చదివేవాళ్లు చూసుకుంటారు.

అదే ఊళ్లో తాన్యా సవిచెవా అని ఒక పిల్ల ఉండేది. పదకొండు, పన్నెండేళ్ల వయసులో చిన్న నోటుబుక్కులో తొమ్మిది పేజీలు రాసింది. ఇంట్లో ఎవరు ఏ తేదీన, ఎన్ని గంటలకు పోయారో, అంతే. అమ్మ గురించి కూడా అంతే: 1942 మే 13, పొద్దున ఏడున్నర. అందరూ పోయారు, తాన్యా ఒక్కతే మిగిలింది అని ఆపేసింది. ముట్టడి 1944 జనవరి 27న తొలగింది. ఊరు దాటించి కాపాడుకుందామనుకున్నా, ఆ పిల్ల అదే ఏడు జూలైలో పోయింది. ఆ తొమ్మిది పేజీల్లో ఏడ్చినట్టు ఒక్క ముక్క వెతుకు చూద్దాం.

ఇంకో సంగతి. ఇట్లాంటి పుస్తకంలో ఇద్దరుంటారు, ఆకలేసిన పిల్ల, ఎన్నో ఏళ్లకు కూర్చుని రాస్తున్న పెద్దావిడ. రేడియోలో మెట్రోనోమ్ (సంగీతం వాళ్లు తాళానికి పెట్టుకుంటారే, అదే) టక్ టక్‌మనేది. నెమ్మదిగా కొడితే ఫర్వాలేదు, వేగం పెరిగితే విమానదాడి. అది పిల్ల విన్నది. ముట్టడి 872 రోజులు సాగిందన్న లెక్క పెద్దావిడది. నువ్వు రెండూ కలిపేసి "ఆ చిన్నారి 872 రోజులు ధైర్యంగా ఎదురుచూసింది" అన్నావు. ఎన్నాళ్లో తెలియకపోవడమే కదమ్మా అప్పుడు వాళ్ల టెన్షన్!

చివర్లో 1952 కరువులో మీ అవ్వ గంజి కేంద్రానికి పోయిన సంగతి తెచ్చి, అక్కడా ఇక్కడా ఆకలి ఒకటేనన్నావు. నేను ఒప్పుకోను. కరువులో మనవాళ్లు మూట కట్టుకుని మద్రాసుకో బెంగళూరుకో పోగలిగారు. అక్కడ రోడ్డూ రైలూ తెగిపోయి లడోగా సరస్సే దిక్కయింది. చలికాలంలో గడ్డకట్టిన ఆ నీటి మీదే లారీలు తోలారు. ఆ పేరా తీసెయ్.

తీసేసి, దాన్ని విడిగా రాయి. నీ వ్యాసం మొత్తంలో నాకు బాగా నచ్చింది అదే. అవ్వ ఇంకా ఓపికగా మాట్లాడుతోంది కాబట్టి ఈ ఆదివారమే పోయి కూర్చో. గంజి దేంతో కాచేవాళ్లు, గిన్నె ఇంటినుంచి తీసుకుపోవాలా, వరసలో కులాలు కలిసి నిలబడ్డాయా, అన్నీ అడుగు. ఫోన్లో రికార్డు చేసుకో. మధ్యలో నువ్వు మాట్లాడొద్దు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు