కంపెనీ చేతులు మారితే ఆడవాళ్లకు దెబ్బ ఎక్కువా?

"మా కంపెనీని ఇంకో కంపెనీ కొంటోంది. నేను మెటర్నిటీ లీవులో ఉన్నాను. అందరికీ ఒకటే రూల్ అంటోంది హెచ్‌ఆర్, నమ్మొచ్చా?" అని అడిగారు. రూల్ ఒకటేనండి, కొత్త కంపెనీ ఇచ్చే లెటర్ కూడా అందరికీ ఒకటే వస్తుంది. తేడా అంతా అందులో రాయని వాటిలోనే ఉంటుంది.

మా కంపెనీనీ ఇలాగే ఇంకోళ్లు కొన్నారు. మాది హైదరాబాద్‌లో ఉప్పల్ ఆఫీసు, నాది పేరోల్ పని, అంటే జీతాల లెక్కలు. కొన్నవాళ్లకు పేరోల్, అడ్మిన్, హెచ్‌ఆర్ ముందే ఉన్నాయి కదా, మొదటి కత్తెర అక్కడే పడింది. ఆ సీట్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఆడవాళ్లను తీసేద్దామని ఎవరూ అనుకోలేదు, డూప్లికేట్ పోస్టులు తీశారంతే. పోయిన ఉద్యోగాలు మాత్రం ఎక్కువ మావే.

మిగిలినవాళ్లను ఊరికి ఆ కొసనున్న నానక్‌రామ్‌గూడకు మార్చారు. మెట్రో రాయదుర్గం దాకే, అక్కణ్నుంచి ఆటో. పాప క్రెష్ హబ్సిగూడలో, ఏడింటికి మూసేస్తారు. కొత్త మేనేజర్‌కేమో సాయంత్రం ఆరింటికి మీటింగు పెట్టడం అలవాటు. ఐదింటికి బ్యాగు సర్దుకుంటుంటే "హాఫ్ డేనా మేడమ్?" అని నవ్వేవారు. ఏ పోస్టు ఎవరికి అన్న అసలు మాటలు ఆ మీటింగయ్యాక కింద టీ బండి దగ్గర నడిచేవి.

మగవాళ్లు సుఖపడ్డారనీ కాదు. మా టీమ్‌లో ఒకతన్ని పుణె వెళ్లమన్నారు, ఇంట్లో అమ్మకి డయాలసిస్. "మగాడివి, నీకేం ఇబ్బంది" అన్నారట! నాకు పాప ఉందని చెప్పుకునే వీలన్నా ఉంది.

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసేముందు, ఎవరి ఉద్యోగమూ పోదని ప్రభుత్వమే చెప్పింది. ప్రైవేటులో అలాంటి మాట ఇచ్చేవాళ్లు తక్కువ.

మీ సంగతికొస్తే, మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల లీవు 2017 నుంచి చట్టంలోనే ఉంది, ఓనర్ మారినా పోదు. ఆ సెలవులో ఉండగా తీసేయడం చట్టవిరుద్ధం. 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న ఆఫీసులో క్రెష్ సదుపాయం ఉండాలి, అదీ అడగండి. నాకైతే ఏడాది పనికి మీకిచ్చే రేటింగ్ గురించే టెన్షన్. పాత మేనేజర్ మానేస్తే మీ పని చూసినవాళ్లే మిగలరు. ఆయన ఉండగానే లీవుకి ముందు మీరు చేసిన పని మెయిల్‌లో రాయించుకోండి. కొత్త లెటర్‌లో పాత జాయినింగ్ తేదీ ఉందో లేదో చూడండి, గ్రాట్యుటీ (ఎన్నేళ్లు పనిచేశారన్న లెక్కన కంపెనీ ఇచ్చే సొమ్ము) లెక్కకు అదే కావాలి. ఇన్సూరెన్స్‌లో మీ అమ్మానాన్నల్ని పెట్టుకోనిస్తారా, అత్తమామల్నేనా అన్నది కూడా తేల్చుకోండి. సంతకానికి ముందడిగితే మారుస్తారు, తర్వాతైతే పోర్టల్ క్లోజయిందంటారు.