రోజ్ బౌల్‌కి వెళ్తున్నారా? పడమటి వైపు కూర్చోండి

ప్రశ్న: మా అబ్బాయి లాస్ ఏంజిలిస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్టోబరులో నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. దగ్గర్లోనే ఉన్న పసదీనా ఊళ్లోని రోజ్ బౌల్ స్టేడియంలో, యూసీఎల్ఏ అనే యూనివర్సిటీ వాళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూపిస్తానని వాడి పట్టుదల. నాకా ఆటలో ఓనమాలు రావు. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. డాలర్లు పోసి చూడదగ్గది అక్కడేముంది?
– రిటైర్డ్ లెక్చరర్, గుంటూరు

జవాబు: మాస్టారూ, నిక్షేపంలా వెళ్లండి. ఆట కోసం కాదు, ఆ చోటు కోసం.

1922లో అరోయో సెకో అనే వాగు లోయలో, నేలను లోతుగా తవ్వి కట్టిన స్టేడియం అది. అందుకే బయట నిలబడి చూస్తే ‘ఇంతేనా’ అనిపిస్తుంది. దక్షిణం గేటు మీద గులాబీ బొమ్మతో ఉన్న పేరు తప్ప కంటికి ఆనేదేమీ ఉండదు. టికెట్ చూపించి సొరంగంలోకి దూరండి. అవతల తేలేసరికి మైదానం ఎక్కడో కింద ఉంటుంది, కుర్చీల వరసలు సగం మీ కాళ్ల కిందికి దిగిపోయి, సగం నెత్తి మీదికి ఎక్కిపోయి ఉంటాయి. చుట్టూ 90 వేల మంది దాకా పట్టే వలయం, ఆ పైన శాన్ గాబ్రియేల్ కొండలు. డబ్బులు ఆ ఒక్క నిమిషానికే చెల్లిపోయాయనుకోండి, మిగతాదంతా కొసరు.

సీట్లు మాత్రం మీవాడికి వదిలేయకండి. కుర్రాళ్లు మైదానానికి దగ్గరగా ఉండాలని కింది వరసలు కొంటారు. ఈ స్టేడియం వాలు తక్కువ, కింద కూర్చుంటే ఆటగాళ్ల వీపులు తప్ప ఏమీ కనిపించదు. పైగా అమ్మగారు అన్ని మెట్లూ దిగాలి, మళ్లీ ఎక్కాలి. సొరంగం నోటికి దగ్గరి వరస చూడమనండి, మోకాళ్లు బతుకుతాయి. అదీ పడమటి వైపు. మధ్యాహ్నం మ్యాచ్ అయితే తూర్పు వైపు వాళ్లకి ఎండ సూటిగా కళ్లలో పడుతుంది, అక్టోబరైనా చురుక్కుమంటుంది. పడమటి వాళ్లకి వీపు వెనక పొద్దుగూకుతుంటే, ఎదురుగా కొండలు ఎర్రబడతాయి.

ఆట సంగతంటారా, క్రికెట్ తెలిసినవారికి ఒక్క ముక్క చాలు: నాలుగు బంతుల ఓవర్ అనుకోండి. ఆ నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరిగితే ఇంకో ఓవర్ వస్తుంది, జరక్కపోతే బంతి అవతలి జట్టుకి పోతుంది. ఎందుకు ఆగారో, ఎందుకు విజిల్ వేశారో మనకెందుకు? హాఫ్‌టైమ్‌లో మాత్రం కాఫీకని లేవకండి, కాలేజీ బ్యాండు అప్పుడే వస్తుంది.

అమ్మగారి హ్యాండ్‌బ్యాగ్ కారులోనే ఉంచేయండి. లోపలున్నది బయటికి కనిపించే ప్లాస్టిక్ సంచీ అయితేనే రానిస్తారు. పులిహోర డబ్బా పార్కింగ్‌లోనే ఖాళీ చేయండి. పార్కింగంటే పక్కనున్న గోల్ఫ్ కోర్సు పచ్చిక. మ్యాచ్ రోజున జనం దాని మీదే కుర్చీలు వేసుకుని, పొయ్యిలు వెలిగించి వండుకు తింటారు. మీ పులిహోరని ఎవరూ వింతగా చూడరు, రుచి చూస్తామంటారేమో గానీ.

లోపలికి వెళ్లేముందు జాకీ రాబిన్సన్ విగ్రహం దగ్గర కాసేపు ఆగండి. 1947లో అమెరికా బేస్‌బాల్‌లో వర్ణవివక్ష గోడ పగలగొట్టిన మనిషాయన. ఇక్కడ మాత్రం ఫుట్‌బాల్ దుస్తుల్లో ఉంటాడు. పెరిగింది ఈ పసదీనాలోనే, యూసీఎల్ఏకి ఫుట్‌బాల్ కూడా ఆడాడు. 1994 ప్రపంచకప్ సాకర్ ఫైనల్లో ఇటలీ ఆటగాడు బాజియో పెనాల్టీని గోల్ పైకి తన్ని బ్రెజిల్‌కి కప్పు అప్పజెప్పింది కూడా ఈ గడ్డ మీదే. మీరు టీవీలో చూసే ఉంటారు.

ఇంకోమాట. 1982 నుంచి యూసీఎల్ఏకి సొంత మైదానంలా ఉన్నది ఇదే. వాళ్లు వేరే స్టేడియానికి వెళ్లిపోతారన్న గొడవ మీద పసదీనా నగరం 2025లో కోర్టుకెక్కింది. కాబట్టి టికెట్ కొనేముందు మ్యాచ్ ఎక్కడో సరిచూసుకోమనండి. ఈ చోట చూడాలనుంటే మాత్రం వచ్చేసారికని వాయిదా వేయకండి.

ప్రశ్న: ఆంటీ, నేను నార్త్‌రిడ్జ్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. ఫ్రెండ్స్‌తో రోజ్ బౌల్‌లో కాన్సర్ట్‌కి వెళ్తున్నా. మైదానంలో టికెట్ మంచిదా, పైన మంచిదా? రాత్రి తిరిగి రావడం ఎలా?

జవాబు: అమ్మడూ, నువ్వు ఐదున్నర అడుగుల లోపైతే మైదానంలో టికెట్ దండగ. ముందువాళ్లు ఎత్తిన ఫోన్లలోనే కాన్సర్ట్ చూడాలి. స్టేజీ ఏ కొసన వేస్తున్నారో చూసుకుని, దానికి పక్కగా, సగం ఎత్తులో తీసుకో. పైకప్పు లేని స్టేడియం, చివరి వరసలకి వెళ్లేసరికి పాట గాల్లో కలిసిపోతుంది, అంత పైకీ వద్దు.

1993లో సూపర్ బౌల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ హాఫ్‌టైమ్‌లో మైకేల్ జాక్సన్ స్టేజీ మీదికొచ్చి, నిమిషం పైగా కదలకుండా మెదలకుండా నిలబడితేనే ఊగిపోయిన స్టేడియం ఇది. 2009లో యూటూ అనే రాక్ బ్యాండు వాళ్లు ఇక్కణ్నుంచే కాన్సర్ట్‌ని యూట్యూబ్‌లో ప్రపంచమంతటికీ లైవ్‌గా చూపించారు. ఆ గాలి నీకూ తగుల్తుందిలే.

తిరుగు ప్రయాణం మాత్రం ముందే తేల్చుకో. లోయలోంచి బయటికి దారులు తక్కువ. కాన్సర్ట్ అయ్యాక ఉబర్ బుక్ చేస్తే రేటు చుక్కల్లో ఉంటుంది, కారు కంటికి కనపడదు. ఊళ్లోని పాత బజారు ఓల్డ్ పసదీనాకి షటిల్ బస్సు వేశారేమో చూసుకో, లేదంటే జనంతో కలిసి నడిచెయ్యండి. అక్కడి మెమోరియల్ పార్క్ మెట్రో స్టేషన్ రెండు మైళ్లకి అటూ ఇటూ, అదీ ఎత్తు మీదికి. హీల్స్ వద్దు. ఆఖరి మెట్రో రైలు ఎన్నింటికో మధ్యాహ్నమే చూసి పెట్టుకో, రాత్రి అంత జనంలో ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోకు. స్వెట్టర్ కూడా పెట్టుకో, పగలు ఎంత మండినా ఆ లోయలో పదింటికి చలేస్తుంది.