వందో వ్యాసం రాసిన తమ్ముడికి

శ్రీకాకుళం

తమ్ముడూ,

ఆదివారం పేజీలో నీ వందో వ్యాసం చదివాను. ఆ మర్నాడే నీ ఉత్తరమూ అందింది. రెండేళ్ళపాటు వారం తప్పకుండా రాసుకొచ్చావు. ఉద్యోగం చేసుకుంటూ, ఇంటి బాధ్యతలు చూసుకుంటూ ఈ పని చేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. చాలా సంతోషంగా ఉంది. నిన్ను చూస్తే గర్వంగానూ ఉంది. ముందు ఈ మాట చెప్పాకే మిగతా సంగతులు.

"వంద అయ్యాయి అప్పా, వీటితో ఏం వచ్చింది? ఇక మీదట కొత్తగా ఏం రాయాలి?" అని, మన వైపు అక్కను పిలిచినట్టు పిలుస్తూ అడిగావు. ఇవి రెండు ప్రశ్నలని నువ్వు అనుకుంటున్నావు. నాకు మాత్రం రెండింటికీ జవాబు ఒకటే అనిపిస్తోంది.

డబ్బు సంగతి నీకే తెలుసు. జిల్లా పేజీకి రాస్తే వచ్చేది బస్సు ఛార్జీలకు సరిపోతే గొప్ప. సన్మానానికి పిలిస్తే వెళ్ళు, శాలువా కప్పించుకో, పెద్దలకు దణ్ణం పెట్టు, మర్నాడు పనిలో పడు.

రాయడం వల్ల నాకు నిజంగా దొరికింది వేరే ఉంది. కాలమ్ మొదలుపెట్టిన కొత్తలో నువ్వు కవిటిలోనో కంచిలిలోనో ఎవరి గుమ్మం ముందు నిలబడినా "ఎవరు బాబూ, ఏ ఆఫీసు నుంచి?" అని అడిగే ఉంటారు. ఇప్పుడు పేరు చెబితే కుర్చీ వేస్తారు. నువ్వు అడగకముందే చెప్పడం మొదలుపెడతారు. నాకూ ఇలాగే జరిగింది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పలాస బస్సు కోసం నిలబడితే పక్కనున్న ఆవిడ ముఖం పోల్చుకుని, కూతురి కాపురం దగ్గర్నుంచి పాసుపుస్తకం తగాదా దాకా మొత్తం చెప్పేది. అంత నమ్మకం ఒకటి రెండు వ్యాసాలతో రాదు. ఏళ్ళ తరబడి అదే చోట మన పేరు కనబడుతుంటే వస్తుంది.

అయితే చెప్పినవాళ్ళు మర్చిపోరు. మనం మళ్ళీ ఎప్పుడొస్తామా అని చూస్తారు. "అన్నీ చెప్పించుకుని, ఫోటో తీసుకుని పోయాడు, మళ్ళీ ఇటు ముఖం చూపించలేదు" అనే మాట మన కొబ్బరి, జీడి తోటల ఉద్దానం ప్రాంతంలో ఎందరి గురించో విన్నాను. ఆ మాట నీ మీద పడకూడదని నా కోరిక. అందుకే నూట ఒకటో వ్యాసానికి కొత్త ఊరు వెతక్కు. ఇప్పటిదాకా రాసినవన్నీ ముందు పెట్టుకుని వరసగా చదువు. ఎక్కడికి ఒక్కసారి మాత్రమే వెళ్ళి వదిలేశావో అక్కడికి మళ్ళీ వెళ్ళు. హైదరాబాదు నుంచి వచ్చే విలేకరికి ఆ వీలు లేదు. సాయంత్రానికి అతను రైలెక్కాలి. నువ్వు అక్కడివాడివి.

నీకు ఎక్కువ పేరు తెచ్చిన వ్యాసమే తీసుకో. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వజ్రపుకొత్తూరు దగ్గర తిత్లీ తుపాను తీరం దాటింది. పొద్దున్నే నువ్వు తోటకు వెళ్ళేసరికి నేలకూలిన కొబ్బరి చెట్ల మధ్య మీ తాతయ్య మాట లేకుండా కూర్చుని ఉన్నారని రాశావు. అది చదివి ఏడ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పుడు అడుగుతున్నాను చెప్పు. ఆ తోట ఇవాళ ఎలా ఉంది? దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. తుపాను మరుసటి ఏడాది నాటినవి ఇప్పుడిప్పుడే గెలలు వేస్తుండాలి. ఈ మధ్య ఏళ్ళన్నీ ఆ ఇల్లు దేని మీద నడిచింది? పరిహారం డబ్బు ఎన్నాళ్ళు నిలిచింది? ఇంట్లో ఎవరు చెన్నై పోయారు, ఎవరు తిరిగొచ్చారు, ఎవరు అక్కడే ఉండిపోయారు? మళ్ళీ కొబ్బరే పెట్టాలని తాతయ్య అంటే మీ నాన్న ఒప్పుకున్నారా? జీడి తోటలు తిరిగి పెంచుకున్నవాళ్ళకు పలాసలో పిక్కలకు ఏం ధర పలుకుతోంది? చెట్లు కూలిన నెలంతా అందరూ ఉద్దానం గురించే రాశారు. తిరిగి నాటిన మొక్కల గురించి, వాటికి నీళ్ళు మోసిన ఆడవాళ్ళ గురించి రాసినవి నాకు పెద్దగా కనబడలేదు. అవి నువ్వు రాయాలి.

ఉద్దానం కిడ్నీ జబ్బు మీద నువ్వు రాసినవి కూడా మళ్ళీ చూడు. 2023 డిసెంబరులో పలాసలో ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం నుంచి వంశధార నీళ్ళు తెచ్చి ఇచ్చే పథకం కూడా వచ్చింది. ఇన్నేళ్ళ పరిశోధన తరవాత కూడా జబ్బుకు అసలు కారణం ఇదీ అని తేలలేదు. ఇవన్నీ పేపర్లో వచ్చినవే, నువ్వూ రాశావు. డయాలసిస్ మంచం మీద నాలుగేసి గంటలు పడుకునే మనిషి గురించి కూడా రాశావు. బయట బల్ల మీద కూర్చున్న ఆయన భార్యకు మాత్రం ఒక్క వాక్యం ఇచ్చావు. వారంలో రెండు మూడు రోజులు ఆవిడకు కూలి పోతోంది. నీళ్ళు కొలుచుకుని తాగాల్సిన మనిషితో ఎండాకాలం ఎలా గడుస్తుందో డాక్టరు కన్నా ఆవిడకే బాగా తెలుసు. ఈసారి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చో. మొదటి రోజు నోట్‌బుక్ తీయకు.

చేపల వేటకు గుజరాత్‌లోని వీరావల్ వెళ్ళే మత్స్యకారుల మీద రాసినదీ అంతే. రైలెక్కేటప్పుడు వీడ్కోలు రాశావు. వాళ్ళు తిరిగొచ్చే రోజున కూడా స్టేషన్‌కు వెళ్ళు.

ఒకసారి రాసినదాని దగ్గరికే మళ్ళీ వెళ్తే సరుకు అయిపోయిందనుకుంటారేమోనని నీకు టెన్షన్ ఉండొచ్చు. విజయనగరంలో గురజాడ అప్పారావుగారి ఇల్లు చూశావుగా. కన్యాశుల్కం 1892లో ఆడారు, 1897లో అచ్చయింది, పేరూ వచ్చింది. ఆయన అక్కడితో వదిలేయలేదు. మొత్తం తిరగరాసి 1909లో మళ్ళీ అచ్చు వేయించారు. ఇవాళ మనం చదువుతున్నది, మాటకు ముందు తలుచుకుంటున్నది ఆ రెండోసారి రాసినదే.

ఇంకో సంగతి నిన్ను హెచ్చరించాలనిపిస్తోంది. ఏడిపించే వ్యాసానికి ఫోన్లు ఎక్కువ వస్తాయి. ఎడిటర్ కూడా "అలాంటిదే ఇంకోటి" అంటాడు. నాలుగైదు సార్లు అలా రాస్తే మనకు తెలియకుండానే మనుషుల్లో కన్నీళ్ళు మాత్రమే వెతకడం మొదలుపెడతాం. చెరువు మదుము, అంటే నీళ్ళు వదిలే తూము మీద, నీటి వంతుల మీద నువ్వు రాసినదానికి ఒక్క ఫోనూ రాలేదని బాధపడ్డావు. నీ వందలోనూ నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. రాత్రిపూట మదుము ఎవరు తీస్తారు, ఎవరి మడికి ముందు నీరు వెళ్తుంది, వంతు తప్పితే పెద్దమనుషులు ఏ చెట్టు కింద కూర్చుని ఎలా తేలుస్తారు అన్నీ అందులో ఉన్నాయి. ఇరవై ఏళ్ళ తరవాత మీ ఊరి సేద్యం గురించి తెలుసుకోవాలనుకునే పిల్లవాడికి నీ మిగతా వ్యాసాల కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

ఆ పిల్లవాడికి అది దొరకాలంటే నువ్వు దాచాలి. పాత కటింగులు కొన్ని కనబడడం లేదన్నావు. ఇది మాత్రం నాకు నచ్చలేదు. మన శ్రీకాకుళంలో తెలుగు కథల లైబ్రరీ, కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో దాన్ని తెరిచారు. ఎక్కడెక్కడి పాత వార, మాస పత్రికలు తెప్పించి, ఏ కథ ఏ పత్రికలో ఏ తేదీన వచ్చిందో రాయించి పెట్టారు. నీవి కథలు కాకపోయినా ఆ పద్ధతి నేర్చుకో. పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు వేయని కటింగు కొన్నేళ్ళకు ఎవరికీ ఉపయోగపడదు. వాడిన నోట్‌బుక్కులు కూడా పారేయకు. వ్యాసంలో పట్టని మాటలు వాటిలోనే ఉంటాయి.

ఈ నెలాఖరున వీలు చూసుకుని రా. ఒక రోజంతా కథానిలయంలో కూర్చుందాం. నీ దగ్గర ఉన్న కటింగులన్నీ తీసుకురా, తేదీలు లేనివి ఏవో చూసి వేరు చేద్దాం. ఈలోగా తోట గురించి రాయడం మొదలుపెట్టు. పేపరుకు పంపే ముందు తాతయ్యను పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చదివి వినిపించు. ఆయన వద్దన్న ముక్క ఎంత బాగున్నా తీసేయి. అప్పుడు నాకో కాపీ పంపు.

నీ అప్ప