గప్పీ పిల్లల గురించి సింధుకు

చి. సింధుకు అత్తయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

నిన్న మీ అమ్మ ఫోన్‌లో మాట్లాడినంతసేపూ నీ గప్పీల గోలే. ఆడ చేప పిల్లలు పెట్టిందట. వాటిని రెండు నెలల్లో పెద్దవి చేసి కూకట్‌పల్లిలో షాపు వాళ్లకి ఇస్తానని నోట్‌బుక్కులో లెక్కలు వేస్తున్నావట. మన ఇంట్లో మళ్లీ ఒకరికి చేపల పిచ్చి పట్టిందని లోపల్లోపల సంతోషమే. "తొందరగా ఎదగాలి" అన్నావని విన్నాక మాత్రం టెన్షన్ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం. వాట్సాప్‌లో పెడితే సగం చదివి వదిలేస్తావు.

పిల్లల్ని తల్లి నుంచి విడదీశావుగా, మంచిది. లేకపోతే తినేస్తుంది. కానీ ఆ ప్లాస్టిక్ పెట్టెలోనే ఉంచకు, అంత ఇరుకులో గిడసబారిపోతాయి. వేరే తొట్టె పెట్టు, నలభై లీటర్లదైతే చాలు. కొత్త తొట్టెలోకి పెద్ద తొట్టెలో బాగా నడిచిన స్పాంజి ఫిల్టర్‌నే మార్చు. మోటారు ఫిల్టర్ వద్దు, పిల్లల్ని లాగేస్తుంది. నీళ్లు 26 డిగ్రీలు ఉంటే హాయిగా పెరుగుతాయి. మీ హైదరాబాద్ చలికి డిసెంబరు, జనవరిలో చిన్న హీటర్ తప్పదు.

ఇక తిండి. పుట్టిన గంటకే తింటాయి, కానీ పొట్ట ఎంతని? అందుకే రోజుకి నాలుగైదు సార్లు, ప్రతిసారీ రెండు నిమిషాల్లో అయిపోయేంత. ఉడికించిన గుడ్డు పచ్చసొన వేయమని ఎవరో ఒకరు చెప్తారు. వేశావంటే సాయంత్రానికి నీళ్లు కంపు కొడతాయి. ఆర్టీమియా అని ఉప్పునీటి బుల్లి రొయ్యల్లాంటివి ఉంటాయి, అప్పుడే పుట్టిన వాటి పిల్లల్ని మించిన మేత లేదు. లీటరు నీళ్లలో 25 గ్రాముల కల్లుప్పు కలిపి, చిటికెడు ఆర్టీమియా గుడ్లు వేసి, గాలి గొట్టం పెట్టు. ఒక రోజు, మహా అయితే రోజున్నర, గుడ్లు పగిలి పిల్లలు బయటికొస్తాయి. గాలి ఆపేసి కింద టార్చి వెయ్యి. వెలుతురుకి ఆర్టీమియా పిల్లలు అడుగుకి చేరతాయి, పెంకులు పైన తేలతాయి. అడుగునుంచి డ్రాపర్‌తో తీసి, పల్చటి గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి వెయ్యి. పెంకులు వెళ్లనివ్వకు, చేప పిల్లలకి అరగవు. తిన్న పది నిమిషాలకి భూతద్దం పెట్టి చూడు. గాజులాంటి ఒంట్లో పొట్ట ఒక్కటే నారింజ రంగులో ఉబ్బి కనిపిస్తుంది. ఆ రంగు లేనిది తినలేదన్నమాట. నేను ఇప్పటికీ కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూస్తాను.

ఇంత తిండి వేస్తే నీళ్లు పాడవక మానవు. ఇక్కడే మీ నాన్న సంగతి చెప్పాలి. ఆయన నీ తొట్టె దగ్గరికే రావడం లేదని అలిగావట కదా.

అప్పుడు మీ నాన్న ఇంటర్. మేడ మీద సిమెంటు తొట్టిలో నావి గప్పీలు, పెద్దవీ పిల్లలూ కలిపి లెక్కే లేదు. సంక్రాంతి ముందు నేను పెళ్లికని ఊరెళుతూ వాడికి అప్పజెప్పాను. రోజూ చిటికెడు మేత వెయ్యి, ఇంకేం ముట్టుకోకు అన్నాను. కింద ఇల్లంతా సున్నాలు వేస్తున్నారు, గిన్నెలు తోముతున్నారు. అక్క వచ్చేసరికి తొట్టి కూడా తళతళలాడాలనుకున్నాడు పిచ్చి వెధవ. చేపల్ని బకెట్లో వేసి, గోడల పచ్చ పాకుడు కొబ్బరి పీచుతో గీకి, స్పాంజి కుళాయి కింద తెల్లగా వచ్చేదాకా ఉతికి, మునిసిపాలిటీ నీళ్లు నిండా పట్టి, చేపల్ని తిరిగి వదిలాడు. రాత్రికే పైకి వచ్చి నోళ్లు తెరిచాయట. ఆకలేమో అని ఇంకాస్త మేత వేశాడు. తెల్లారేసరికి ఏమీ మిగల్లేదు.

నేను వచ్చేసరికి మా అమ్మ టీ వడపోసే జల్లెడతో ఒక్కొక్కటీ తీస్తున్నాడు. నన్ను చూసి మాట్లాడలేదు. నేను కొత్తవి తెస్తానన్నా ఇక ఆ మేడెక్కలేదు. నీ తొట్టె దగ్గరికి రాకపోవడం కోపం కాదమ్మా.

జరిగిందేమిటంటే, కుళాయి నీళ్లలో క్లోరిన్ మొప్పల్ని కాల్చేస్తుంది. అదొక్కటీ చాలు చంపడానికి. స్పాంజిలో ఉండే మంచి బాక్టీరియా చేపల మలం నుంచి, మిగిలిన మేత నుంచి వచ్చే అమ్మోనియాని విరుస్తుంది. దాన్నీ ఉతికేశాడు. పాకుడు సంగతా, పిల్లలు రోజంతా గీక్కుని తినేది దాన్నే. కాబట్టి రోజు విడిచి రోజు పావు వంతు నీళ్లే మార్చు, అంతకు మించొద్దు. కొత్త నీళ్లు వెడల్పాటి బకెట్లో ఒక రోజు నిలవుంచు, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వెయ్యి. స్పాంజిని తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే మెల్లగా పిండు. మీ బోరు నీళ్ల గట్టిదనం గప్పీలకి నచ్చుతుంది కానీ, అలాంటి నీళ్లు క్షారంగా ఉంటే, అందులోనూ ఎండాకాలంలో, అమ్మోనియా ఇంకా విషం. మేత మిగలనివ్వకు. సన్న గొట్టంతో అడుగు లాగేటప్పుడు నీళ్లు తెల్ల మగ్గులోకి పట్టు. పొరపాటున పిల్ల వచ్చినా కళ్లు కనిపిస్తాయి.

ఇంకొకటి, ఇది మీ అమ్మకి కూడా చదివి వినిపించు. తొట్టె ఉన్న గదిలో దోమల కాయిల్, లిక్విడ్, స్ప్రే ఏదీ వద్దు. గాలి పంపు ఆ గదిలో గాలినే పీల్చి నీళ్లలోకి ఊదుతుంది. ఆ మందుల్లో ఉండే పైరిథ్రాయిడ్లు చేపలకి మహా విషం. దోమ పిల్లల్ని తినే చేపని దోమల మందుతో చంపుకుంటామా! నాకు రాత్రుళ్లు నిద్ర పట్టనిది దీని గురించే. దోమతెర కట్టుకోండి. కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ పంపు కూడా ఒకటి కొనిపెట్టుకో.

నాలుగో వారం నుంచి పొట్ట కింద రెక్క గమనించు. సన్నగా పుల్లలా మారితే మగది, విసనకర్రలా ఉంటే ఆడది. వెంటనే వేరు చెయ్యి. ఆలస్యం చేస్తే పూర్తిగా ఎదగకుండానే కడుపుతో ఉంటాయి. ఒక్కసారి కలిసినా చాలు, ఆడది ఆ బీజం దాచుకుని నెలల తరబడి విడతలు విడతలుగా పిల్లలు పెడుతుంది. వెన్ను వంకరవి అమ్మకు, జత కట్టనివ్వకు. ఎక్కువైపోయాయని చెరువులో మాత్రం వదిలావో, హైదరాబాద్ వచ్చి చెవి మెలిపెడతాను. అక్కడి చిన్న చేపల నోటి దగ్గర కూడు లాక్కుంటాయి ఇవి.

ఆర్టీమియా గుడ్లు చిన్న సీసాలో కొరియర్ చేశాను, ఎల్లుండికి రావచ్చు. మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టు. పెట్టేముందు పైన పేరు రాసి అతికించు, లేకపోతే మీ అమ్మ కాఫీ పొడి అనుకుని డికాక్షన్ వేస్తుంది.

మీ అత్తయ్య