బల్లిది తప్పు కాదు, బల్బుది
మీ లెపర్డ్ గెక్కో (పెంపుడు బల్లి) ఫొటోలన్నీ నారింజ రంగులో వస్తున్నాయి, ముక్కు స్పష్టంగా ఉండి కన్ను మసకగా పడుతోంది అన్నారు కదా, కెమెరా మార్చాల్సిన పనేం లేదండి. బల్లికి వెచ్చదనం ఇచ్చే హీట్ బల్బు వెలుగు సుమారు 2700 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత, తక్కువైతే నారింజ, ఎక్కువైతే నీలం), కిటికీలోంచి వచ్చే పగటి వెలుగు 5500 దగ్గర్లో ఉంటుంది. రెండూ కలిసి పడితే కెమెరా తనంతట తానే రంగులు సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ మాత్రం ఏం చేస్తుంది పాపం! ఫొటోలు తీసే ఐదు నిమిషాలు బల్బు ఆపేయండి, బల్లికేం కాదు. గ్రే కార్డు (రంగులు సరిచూసుకునే బూడిద రంగు అట్ట) బల్లి పక్కనే, అదే వెలుగులో పెట్టి ముందు ఒక షాట్ తీసుకోండి, తర్వాత ఎడిటింగ్‌లో, కెమెరా ఏమీ మార్చకుండా దాచే రా ఫైల్‌లో ఆ బూడిద రంగు మీద క్లిక్ చేసి అదే సెట్టింగ్ మిగతావాటికీ వేసేయొచ్చు. తెల్ల కాగితం వద్దు, చాలా కాగితాల్లో నీలి మెరుపు కలిసి ఉంటుంది.

ఇక ఫోకస్. అంత దగ్గర నుంచి ఎఫ్/2.8లో, అంటే లెన్స్ రంధ్రం బాగా తెరిచి తీస్తే స్పష్టంగా ఉండేది కొన్ని మిల్లీమీటర్లే, ముక్కు నుంచి కంటికి దూరం అంతకంటే ఎక్కువ. రంధ్రం చిన్నదయ్యేలా ఎఫ్/8 లేదా 11 పెట్టి, సింగిల్ ఫోకస్ పాయింట్‌ని సరిగ్గా కంటి మీద, కుదిరితే ఆ నిలువు చీలిక లాంటి కనుపాప అంచు మీద పెట్టండి. వెలుగు చాలకపోతే ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా సున్నితత్వం) పెంచండి, గ్రెయిన్ (ఫొటోలో చుక్కలు) వస్తే వచ్చింది, మసక కన్నును మాత్రం తర్వాత బాగు చేయలేం. నేనైతే మాన్యువల్‌లో ఫోకస్ పెట్టేసి, నేనే కాస్త ముందుకూ వెనక్కీ ఊగుతూ నాలుగైదు తీస్తాను. బల్లి ఉన్న పెట్టె గాజు అద్దంలోంచి తీయక తప్పకపోతే లెన్స్‌ని అద్దానికి ఆనించేయండి.