హాస్టలుకు వెళ్లబోయే మనవరాలికి, జడ బిగువు గురించి

చిరంజీవి బంగారుతల్లికి, అమ్మమ్మ ఆశీర్వదించి రాయునది.

విశాఖపట్నంలో నీకు బీఎస్సీ నర్సింగు సీటు వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు నాకు కాసేపు మాట పెగల్లేదు. 32 ఏళ్లు నేను తిరిగిన వార్డుల్లాంటి వార్డుల్లోకి నా మనవరాలు యూనిఫారం వేసుకొని వెళ్తుందన్న తలపుకే కడుపు నిండిపోయింది. ఆ రాత్రి పడుకున్నాక మాత్రం ఒక దిగులు పట్టుకుంది. ఇన్నేళ్లుగా నీ జడ మీ అమ్మే వేస్తోంది. ఇకమీదట నడుము దాటిన ఆ జుట్టును తెల్లవారుజామున హాస్టలు అద్దం ముందు నువ్వే కొప్పు చుట్టుకోవాలి, ఒక్క పాయ కూడా జారకుండా అది సాయంత్రం వరకు నిలవాలి, అలా నాలుగేళ్లు గడవాలి. చదువు సంగతి నీకు నేను చెప్పనక్కరలేదు. జుట్టును దేనితో కట్టాలో, ఎంత బిగువుగా కట్టాలో మాత్రం చెప్పకుండా ఉండలేను.

బ్యాండు కొనేటప్పుడు చూడవలసినవి కొన్నే ఉన్నాయి. పైన గుడ్డ తొడుగు ఉండాలి, వేలి వెడల్పుకు తగ్గకూడదు, నున్నటి బట్ట అయితే మరీ మంచిది. రెండు కొసలను రేకుతో నొక్కి కలిపిన బ్యాండ్లు వద్దు. వెంట్రుకలు ఆ రేకు అంచున ఇరుక్కొని తెగుతాయి. తొడుగు లేని ఉత్త రబ్బరు బ్యాండును తలకు తగలనివ్వకు. ఫోను తీగలా మెలికలు తిరిగిన ప్లాస్టిక్ బ్యాండ్లు గదిలో ఉన్నప్పుడు హాయిగానే ఉంటాయి గాని, నీ ఒత్తైన జుట్టు బరువును రోజంతా మోయలేవు.

ఉత్త రబ్బరు అంటే నాకు ఎందుకింత భయమో మీ అమ్మ నీకు చెప్పి ఉండదు. 1989లో అది మూడో తరగతి. నాకు పొద్దున డ్యూటీ పడిన వారాల్లో ఆరున్నర బస్సు అందుకోవాలి. దాని బడిలో ఆడపిల్లలు రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టుకోవాలన్న నియమం ఉండేది. జడ ఊడితే తిరిగి వేయడానికి నేను సాయంత్రం వరకు ఇంట్లో ఉండను. అందుకని మందుల కట్టలకు చుట్టి వచ్చే సన్న రబ్బరు బ్యాండ్లను ఇంటికి తెచ్చి, తలంతా నీళ్లద్ది, పాయలు గుంజి, చెవి వెనక జడ మొదట్లో ఒకటి, కొసన ఒకటి నాలుగేసి చుట్లు వేసేదాన్ని. తడిసిన వెంట్రుక మెత్తబడి సాగుతుందని, అప్పుడు లాగితే పొడి జుట్టుకంటే తొందరగా తెగుతుందని నాకు తెలియదు. "అమ్మా, లాగుతోంది" అని అది కళ్లనీళ్లు పెట్టుకుంటే, "కాస్త ఓర్చుకో" అని మరో చుట్టు బిగించి బస్సుకు పరుగెత్తేదాన్ని.

అదే నేను, వార్డులో రోగి చేతికి కట్టు కట్టాక దాని కింద నా వేలు దూరుతోందా అని చూసేదాన్ని, గోళ్లు నీలిబారుతున్నాయేమో అని మళ్లీ మళ్లీ వెళ్లి చూసేదాన్ని. పరాయివాళ్ల విషయంలో అంత జాగ్రత్త ఎరిగిన ఈ చేతులకు కన్నబిడ్డ తల దగ్గర అది గుర్తు రాలేదు.

ఐదో తరగతికి వచ్చేసరికి దాని రెండు కణతల దగ్గర జుట్టు పలచబడి, కుదుళ్ల చుట్టూ ఎర్రటి చిన్న పొక్కులు లేచాయి. వేడి చేసిందనుకొని ఆముదం పట్టించాను. పలచన కనబడకుండా చుట్టుపక్కల జుట్టును ఇంకా గట్టిగా దువ్వి కప్పాను. చివరకు చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరకు తీసుకువెళ్తే, ఆమె మందు రాయడానికి ముందే రెండు జడలూ విప్పించింది. దీన్ని ట్రాక్షన్ అలోపీషియా అంటారనీ, తొలిదశలోనే లాగుడు మానితే జుట్టు తిరిగి వస్తుందనీ, ఏళ్ల తరబడి సాగితే కుదురు మచ్చకట్టి ఇక మొలవదనీ చెప్పింది. కుడివైపు నెలకు ఓ సెంటీమీటరు చొప్పున మెల్లగా వచ్చింది. ఎడమ కణత దగ్గర అర్ధరూపాయి బిళ్ల అంత మేర రాలేదు. మీ అమ్మ పాపిడి కుడిపక్కకు తీసి జుట్టును ఎడమకు వాల్చుకోవడం నువ్వు పుట్టినప్పటినుంచి చూస్తున్నావు. దాని కింద ఉన్నది ఇదే. ఇన్నేళ్లలో అది నన్ను ఒక్క మాట అనలేదు.

కాబట్టి నా మాట విని కొప్పు ఇలా పెట్టుకో. పూర్తిగా ఆరిన జుట్టును కొసల నుంచి మొదలుపెట్టి చిక్కు తీసి, మెడ దగ్గర వదులుగా జడ అల్లి, బ్యాండును జడ కొసకు మాత్రమే రెండు చుట్లు వేసి, ఆ జడను చుట్టగా తిప్పి, నాలుగువైపుల నుంచి యూ పిన్నులు గుచ్చి, పైన వల వేసుకో. జడ మొదట్లోనే బ్యాండు బిగించి చుట్టిన కొప్పు బరువంతా ఆ ఒక్క చోటి కుదుళ్ల మీద పడుతుంది. పిన్నులతో నిలబెట్టినదాని బరువు నాలుగు దిక్కులకూ పంచుకుపోతుంది. అంతా అయ్యాక కణతల దగ్గర జుట్టు కింద చిటికెన వేలు దూర్చి చూడు. దూరకపోతే, ఆలస్యమైనా సరే, విప్పి మళ్లీ పెట్టుకో. రోజూ ఒకే ఎత్తున పెట్టుకోకు. గదికి రాగానే విప్పెయ్యి. రాత్రికి వదులు జడ చాలు.

సంక్రాంతికి నువ్వు పంపిన ఫోటోలో నడినెత్తిన పోనీటెయిలు కట్టుకొని ఉన్నావు. కనుబొమ్మలు పైకి లాక్కుపోయి ఉన్నాయి. అందరూ ఎంత బాగుందో అన్నారు; నాకు మాత్రం కోపం వచ్చి ఫోను పక్కన పెట్టేశాను. నొప్పి పుడుతుంటే అందంగా ఉందని ఊరుకుంటావా? విప్పగానే తలకు హాయిగా అనిపించిందంటే అంతసేపూ లాగుతూనే ఉందన్నమాట. కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు తల్లీ, ఆ ఫోటోలో నాకు మూడో తరగతి మీ అమ్మ ముఖం కనబడింది.

హాస్టలు గదిలో నేల మీద వెంట్రుకలు చూసి బెదిరిపోకు. రోజుకు 50 నుంచి 100 రాలడం మామూలే. ఒకదాన్ని వెలుతురులో పట్టుకొని చూడు: ఒక కొసన తెల్లటి చిన్న బొడిపె ఉంటే అది తన కాలం తీరి రాలినది; బొడిపె లేకుండా పొట్టి ముక్కలా ఉంటే తెగినది. తెగినవి ఎక్కువ కనబడినా, కణతల దగ్గర పొక్కులు లేచినా, సెలవుల దాకా ఆగకుండా డాక్టరుకు చూపించి నాకు ఫోను చెయ్యి, అర్ధరాత్రి అయినా సరే.

వార్డులో ఉన్నంతసేపు బ్యాండును మణికట్టుకు తొడుక్కోకు. చేతులు సరిగా కడగడానికి అడ్డం వస్తుంది, రోగుల దగ్గరి మురికి దాని గుడ్డకు అంటుకుంటుంది. వారానికోసారి సబ్బునీళ్లలో ఉతికి నీడలో ఆరవేయి. తలనూనె పట్టిన రబ్బరు తొందరగా పాడవుతుంది.

ఈ ఉత్తరంతో ఆరు బ్యాండ్లు పంపుతున్నాను. మీ అమ్మ ఓణీల నాటి నేరేడుపండు రంగు పట్టు పరికిణీ మధ్యలో చిరిగితే ఇన్నాళ్లూ దాచాను. జరీ అంచు వెంట్రుకలను పట్టుకుంటుంది కనుక దాన్ని తీసేసి, నున్నటి గుడ్డతోనే కుట్టాను. ఒక్కోదానికి 45 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు గుడ్డ, లోపల 20 సెంటీమీటర్ల ఎలాస్టిక్ పట్టాయి. ఒక చోట వేలెడు మేర మిషను కుట్టు వేయకుండా తెల్లదారంతో చేత్తో కుట్టాను. ఎలాస్టిక్ సాగిపోయినప్పుడు ఆ తెల్లదారం తెంపి, పిన్నీసుకు తగిలించి కొత్తది ఎక్కించుకో.

మీ అమ్మమ్మ