మూడు కిలోమీటర్లు దాటగానే భయం... పది కిలోమీటర్లు పరుగెత్తగలనా?

ప్రశ్న: నా వయసు 41. విశాఖపట్నంలో ఉంటాను, బ్యాంకులో ఉద్యోగం. నాలుగు నెలలుగా వారానికి నాలుగు రోజులు ఉదయం బీచ్ రోడ్డులో పరుగెత్తుతున్నాను. 3 కిలోమీటర్లు 19 నిమిషాల్లో పూర్తి చేస్తాను. ఆ తర్వాత గుండె దడదడలాడి, ఊపిరి అందక, ఇక నా వల్ల కాదనిపించి ఆగిపోతాను. ఈసారి నేవీ మారథాన్‌లో 10 కిలోమీటర్ల విభాగంలో పాల్గొనాలని ఉంది గానీ ధైర్యం చాలడం లేదు. బీపీ, షుగర్ లేవు. మా నాన్నగారికి 52 ఏళ్లకు గుండెపోటు వచ్చింది. ధైర్యం పెంచుకునే మార్గం తెలియజేయగలరు.
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన విషయంతోనే మొదలుపెడతాను. తండ్రికి గానీ, అన్నదమ్ములకు గానీ 55 ఏళ్లలోపు, తల్లికి గానీ, అక్కచెల్లెళ్లకు గానీ 65 ఏళ్లలోపు గుండెజబ్బు వచ్చి ఉంటే, దాన్ని వైద్యులు కుటుంబపరమైన ముప్పుగానే లెక్కిస్తారు. పరుగులో గుండె వేగం పెరిగిన ప్రతిసారీ నాన్నగారికి జరిగింది మీకు గుర్తుకు వస్తూ ఉండవచ్చు, అది సహజమే. అందువల్ల ముందుగా ఒక ఫిజీషియన్‌నో గుండె వైద్యులనో కలిసి బీపీ చూపించుకోండి. పరగడుపున షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు, ఈసీజీ చేయించుకుని, వారు అవసరమంటే టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్ష) కూడా చేయించుకోండి. ఫలితాలు వచ్చేవరకు పరుగు ఆపి, మామూలు నడక కొనసాగించండి. పరీక్ష చేయకుండా ‘మీకేం కాదు, పరుగెత్తండి’ అని ధైర్యం చెప్పే అధికారం వైద్యుడికి లేదని నా అభిప్రాయం.

వీటితోపాటు హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వలను తెలిపే పరీక్ష), థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించుకోండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణులు కాని మహిళల్లో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువగా ఉంటే రక్తహీనతగా పరిగణిస్తాం. రక్తం తక్కువగా ఉన్నవారికి మామూలు పనుల్లో ఏమీ తెలియకపోవచ్చు; పరుగు మొదలయ్యాక కండరాలకు చేరే ఆక్సిజన్ చాలక, ఆ లోటు పూడ్చడానికి గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే ఆ సంగతి కూడా వైద్యులకు చెప్పండి. ఇనుము లోపం ఉన్నంతకాలం ఎంత సాధన చేసినా ఆ ఆయాసం తగ్గదు, ఆ ఆయాసాన్ని మీరు పిరికితనంగా పొరబడుతూనే ఉంటారు.

పరీక్షలన్నీ సవ్యంగా వచ్చాయనుకుందాం. అప్పుడు మీ ఉత్తరంలో నా దృష్టిని ఆపే అంకె 19 నిమిషాలు. అంటే కిలోమీటరుకు సుమారు 6 నిమిషాల 20 సెకన్లు. నాలుగు నెలల అనుభవానికి ఇది మంచి వేగమే గానీ, దూరం పెంచాలనుకునేవారికి తగిన వేగం కాదు. నెమ్మదిగా పరుగెత్తేటప్పుడు కండరాలు ఆక్సిజన్ సాయంతో కొవ్వునూ చక్కెరనూ కలిపి వాడుకుంటాయి. వేగం ఒక హద్దు దాటితే చక్కెర వాడకం బాగా పెరిగి, దాని నుంచి పుట్టే లాక్టేట్ అనే పదార్థం తయారయ్యే వేగం అది ఖర్చయ్యే వేగాన్ని మించిపోతుంది. రక్తంలో ఆమ్లత పెరిగి, దాన్ని సరిచేయడానికి శరీరం ఊపిరిని ఉద్ధృతం చేస్తుంది. అదే మీకు వగర్పుగా తెలుస్తుంది. నా అంచనాలో మీరు ఆ హద్దు పైనే పరుగు మొదలుపెట్టి, పదిహేను ఇరవై నిమిషాలు ఓర్చుకుని ఆగిపోతున్నారు. నాలుగు నెలలుగా ప్రతి పరుగూ ‘ఇక నా వల్ల కాదు’ అన్న చోటే ముగుస్తుంటే, శరీరం నేర్చుకున్న పాఠం కూడా అదే అవుతుంది.

కాబట్టి మీరు చేయవలసిన మొదటి పని దూరం పెంచడం కాదు, వేగం తగ్గించడం. కిలోమీటరుకు 8 నుంచి 8 నిమిషాల 30 సెకన్ల దాకా తీసుకోండి. పక్కన ఉన్న మనిషితో ఒక పూర్తి వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోకుండా చెప్పగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు, రెండు మూడు మాటలకే ఆగవలసి వస్తే ఎక్కువైనట్టు. 220లో నుంచి వయసు తీసివేసే లెక్క ప్రకారం మీ గరిష్ఠ గుండె వేగం 179 వస్తుంది గానీ, ఆ సూత్రం మనిషిని బట్టి 10, 12 అటూ ఇటూ ఉంటుంది. చేతి గడియారాలు చూపే అంకెలు కూడా పరుగులో ఒక్కోసారి తప్పుతాయి. గడియారంలో అంకె చూసి కంగారుపడేవారిని క్లినిక్‌లో తరచూ చూస్తుంటాను, వారిలో చాలామందికి మాట పరీక్షే మేలు చేసింది.

సాధనను కిలోమీటర్లలో కాక నిమిషాల్లో లెక్కించండి. మొదటి రెండు వారాలు వారానికి మూడు రోజులు, 4 నిమిషాలు నెమ్మదిగా పరుగు, 1 నిమిషం నడక చొప్పున ఆరు సార్లు, మొత్తం 30 నిమిషాలు చేయండి. నడవడం ఓడిపోయినట్టని చాలామంది భావిస్తారు. 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్ల పరుగులో పాల్గొన్న అమెరికన్ క్రీడాకారుడు జెఫ్ గాలోవే, కొత్తవారికి నేర్పడానికి 1970లలోనే ఈ నడక కలిపిన పరుగును ప్రచారంలోకి తెచ్చారు. ఇందులో కీలకం ఒక్కటే: అలసిపోయాక నడవడం కాదు, అలసట రాకముందే నిర్ణయించుకున్న సమయానికి నడవడం. అలా చేస్తే ఆగిపోవడం మీ చేతిలోని పనిగా మారుతుంది, భయం తగ్గడం అక్కడే మొదలవుతుంది.

ఆ తర్వాత వారంలో రెండు రోజులు 30 నిమిషాలే ఉంచి, ఆదివారం పరుగును మాత్రం వారానికి 5 నిమిషాల చొప్పున పెంచండి. ప్రతి నాలుగో వారం పెంచకుండా, కొంచెం తగ్గించండి. ఈ లెక్కన సుమారు మూడు నెలల్లో 75 నిమిషాలకు చేరుకుంటారు. మీ వేగంలో అది 9 కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది. అసలు పరుగుకు ముందే 10 కిలోమీటర్లు పూర్తి చేసి తీరాలన్న నియమం ఏమీ లేదు.

పరుగు మొదలైన కొద్ది నిమిషాల వరకు కండరాల అవసరానికి తగినంత ఆక్సిజన్ సరఫరా అందుకోదు కాబట్టి, తొలి పది నిమిషాల ఆయాసాన్ని బట్టి ఆ రోజంతటి మీద తీర్పు చెప్పకండి. ఇంటికి దూరంగా వెళ్లి చిక్కుకుపోతానన్న బెదురు ఉంటే, మొదట్లో ఒక కిలోమీటరు చుట్టునే మళ్లీ మళ్లీ తిరగండి. తర్వాత ఆర్కే బీచ్ నుంచి ఒకే దిశలో వెళ్లి రావచ్చు, జేబులో ఆటో ఖర్చుకు సరిపడా డబ్బు ఉంచుకుంటే చాలు. తెన్నేటి పార్కు వైపు ఎత్తు వస్తుంది, అక్కడ మొహమాటపడకుండా నడవండి.

మీ ఊరి గాలి సంగతి కూడా చెప్పాలి. సముద్ర తీరంలో తేమ ఎక్కువగా ఉండడం వల్ల చెమట కారుతుందే గానీ ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. వేడిని బయటకు పంపడానికి రక్తంలో కొంత భాగం చర్మానికి మళ్లుతుంది కనుక, అదే వేగానికి గుండె ఎక్కువ సార్లు కొట్టుకుంటుంది. ఉక్కపోత రోజున పరుగు బరువుగా అనిపిస్తే అది మీ వెనుకబాటు కాదు. ఆ రోజు కిలోమీటరుకు మరో అర నిమిషమో నిమిషమో ఎక్కువ తీసుకోండి. వేడికి శరీరం అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం ధైర్యం లేని దశ కాదు, అది వచ్చిన తర్వాతి దశ. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే మెరుగుపడతాయి. కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులూ, ఎముకలూ గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఆరో వారానికో ఎనిమిదో వారానికో ఆయాసం తగ్గి, ఉత్సాహంలో ఒక్కసారిగా రెండింతల దూరం పరుగెత్తినవారే మడమ వెనుక నరం నొప్పి అంటూ, మోకాలి చిప్ప చుట్టూ నొప్పి అంటూ నా దగ్గరకు వస్తుంటారు. ఇసుకలో పరుగెత్తితే కాళ్లకు మెత్తగా ఉంటుందని కొందరు చెప్తారు గానీ, మెత్తటి ఇసుకలో మడమ లోపలికి దిగి పిక్కల మీద భారం పెరుగుతుంది కనుక కొత్తవారికి అది నేను సూచించను. రెండు రోజుల్లో తగ్గే కండరాల నొప్పులు మామూలే. మోకాలి కింద ముందువైపు ఎముక మీద వేలితో చూపగలిగేంత ఒకే చోట నొప్పి ఉండి, నడకలోనో రాత్రి పడుకున్నప్పుడో కూడా వేధిస్తుంటే మాత్రం పరుగు పూర్తిగా ఆపి ఎముకల వైద్యులను కలవండి, అది ఎముకలో సన్నని పగులు కావచ్చు.

ఛాతీలో బరువు, నొక్కినట్టుండడం, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్లు తిరిగి పడబోవడం, పరుగు ఆపినా తగ్గని దడ, ఇంతకుముందు సులువుగా చేసిన పరుగుకే అకారణంగా ముంచుకొచ్చే ఆయాసం – వీటిలో ఏది కనిపించినా అక్కడే ఆగి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. మహిళల్లో గుండె ఇబ్బంది ఒక్కోసారి వికారంగా, పైకడుపు లేదా వీపు నొప్పిగా మాత్రమే బయటపడవచ్చు, దాన్ని గ్యాస్ అనుకుని ఊరుకోవద్దు. టీఎంటీ మామూలుగా వచ్చినా ఈ జాగ్రత్త సడలించకండి. రిపోర్టుల్లో ఏదైనా తేడా కనిపిస్తే, నేను పైన చెప్పిన సాధనను పక్కనబెట్టి, ఏ మేరకు పరుగెత్తవచ్చో మీ గుండె వైద్యులు నిర్ణయించేవరకు ఆగండి.